వెనక సీటు లేని విహారయాత్ర

ఆరు రోజులు పని చేసి ఏడో రోజు విశ్రమించమని దేవుడి ఆజ్ఞ. ఆజ్ఞ స్పష్టంగానే ఉంది. అయితే విశ్రమించడమంటే సరిగ్గా ఏం చెయ్యాలన్నది మాత్రం పెళ్లయిన నాటి నుంచీ నాకు తీరని సందేహం.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి మంచమెక్కితే, "పట్టపగలు ఆ నిద్రేమిటి?" అంటుంది నా భార్య ప్రేమమణి. సరేనని లేచి బూజుకర్ర పట్టుకుంటే, "విశ్రాంతి దినాన ఆ పనేమిటి?" అంటుంది. రెండూ వద్దని కుర్చీలో కూర్చుని గోడవైపు చూస్తుంటే, "ఒంట్లో బాగాలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేస్తుంది. పోనీ మా సంఘం అయ్యగారిని అడుగుదామా అంటే, ఆయన ఆదివారం మూడు ఆరాధనలు జరిపి, నాలుగిళ్లు దర్శించి, సాయంత్రం నాలుగింటికి అన్నం తినే మనిషి. విశ్రాంతి గురించి ఆయనకేం తెలుస్తుంది?

పాఠకులారా! పోయిన రెండో శనివారంతో ఆ సందేహం తీరిపోయింది. విశ్రాంతి అంటే కోడి కూయకముందే లేచి, ముందుగానే డబ్బు కట్టి, నెత్తిన హెల్మెట్ బిగించుకుని, ముందువాడి వీపు చూసుకుంటూ ఇరవై నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కడం! ఇంతకంటే మేలైన సెలవు భూమ్మీద లేదు. నవ్వకండి. నా దగ్గర ఋజువులున్నాయి.

ఈ జ్ఞానం నాకు మా సూపరింటెండెంటు రామభద్రరావుగారి వల్ల కలిగింది. ఆఫీసులో ఆయన కూర్చునేది రెండో అంతస్తు. లిఫ్టు చెడిపోయిన రోజున కింద మా రికార్డు సెక్షన్‌లోనే కూర్చుని, ఫైళ్లనే మెట్లు దిగి రమ్మంటారు. అలాంటి మనిషి ఒక సోమవారం మొహమంతా కందిపోయి, కాళ్లు ఎడంగా వేసుకుంటూ వచ్చి, నా బల్ల ముందు నిలబడ్డారు.

"కూర్చోండి సార్" అన్నాను.

"కూర్చోలేనయ్యా జీవరాజూ! సైకిల్ హాలిడేకి వెళ్లొచ్చాను. రెండు రోజులు అనంతగిరి కొండలు ఎక్కాం. నిన్నటి నుంచీ నిలబడే తింటున్నా, బోర్లా పడుకునే నిద్రపోతున్నా. అద్భుతం!"

కూర్చోలేకపోవడం అద్భుతమని నాకు అంతవరకూ తెలియదు. చదువు తక్కువవాణ్ణి. కానీ ఆలోచించగా అందులో న్యాయం కనిపించింది. పూర్వం సెలవుకు వెళ్లొచ్చినవాడు హాయిగా ఉందనేవాడు. దానికి సాక్ష్యమేది? ఇప్పుడు వెళ్లొచ్చినవాడి నడక చూస్తే చాలు, డబ్బు వృథా కాలేదని వీధి మొత్తానికి తెలుస్తుంది!

ఆయన నా చేతిలో ఒక పాంప్లెట్ పెట్టారు. సైకిల్ టూర్లు నడిపే కంపెనీది. అరకు మూడు రోజులు, శ్రీశైలం ఘాట్ రోడ్డు రెండు రోజులు, కొత్తవాళ్లకు ఒక్క రోజు. ఆ ఒక్క రోజుదీ సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ నుంచి శామీర్‌పేట చెరువుకు. సైకిలు వాళ్లదే, హెల్మెట్ వాళ్లదే, అరటిపండ్లు వాళ్లవే, అలసిపోయినవాళ్లను ఎక్కించుకునే వ్యాను కూడా వాళ్లదే. కాళ్లు మాత్రం మనవి. అడుగున పెద్దక్షరాలతో, "దంపతులకు ప్రత్యేక రాయితీ!"

శామీర్‌పేట అన్న మాటను రెండోసారి చదివాను. ఎందుకంటే శామీర్‌పేట విషయంలో నేనొకరికి బాకీ ఉన్నాను.

ఎనభై నాలుగులో మా పెళ్లయింది. తెనాలి పక్క పల్లె నుంచి ఉద్యోగానికని వచ్చి, సీతాఫల్‌మండిలో ఒక గది తీసుకున్న రోజులు. అప్పటికి నా ఆస్తి ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు, రాంగోపాల్‌పేట్‌లో సెకండ్‌హ్యాండుకు కొన్న నల్ల సైకిలు. కొత్త పెళ్లికూతురికి నగరం చూపించాలి కదా! మొదటి శనివారం సైకిలెక్కించుకుని మోండా మార్కెట్‌కు తీసుకెళ్లాను. ప్రేమమణి అంతా తిరిగి చూసి, "మా ఊళ్లోనూ వంకాయలు ఇలాగే ఉంటాయండీ" అంది. నాకు రోషం వచ్చింది. "వచ్చే శనివారం శామీర్‌పేట చెరువు చూపిస్తా. సముద్రంలా ఉంటుంది. సైకిలు మీదే తీసుకెళ్తా, చూడు!" అన్నాను.

చూపించలేదు. అల్వాల్ ఎత్తు మీద టైరు పంక్చరయింది. ఇద్దరం సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాం. "వచ్చే శనివారం తప్పకుండా" అన్నాను. ఆ వచ్చే శనివారం ఇరవై ఎనిమిదేళ్లయినా రాలేదు.

మధ్యలో స్కూటరు కొన్నాను. "పద, చూపిస్తా" అన్నాను. "స్కూటరు మీద లెక్కలోకి రాదు. మీరు సైకిలు మీద అన్నారు" అంది. సరే, ఆ సంగతి అంతటితో పోయిందనుకున్నాను. కానీ కరీంనగర్‌లో ఆమె అక్క మార్త ఉంది. ఏడాదికి రెండు సార్లు బస్సులో వెళ్తాం, శామీర్‌పేట మీదుగానే. కిటికీ పక్కన కూర్చోవడమంటే ప్రేమమణికి ప్రాణం. ఏ బస్సెక్కినా కిటికీ ఆమెదే. ఒక్క కరీంనగర్ బస్సులో మాత్రం కిటికీ సీటు నాకిచ్చేసి ఇవతల కూర్చుంటుంది. చెరువుకు ముందొచ్చే తూంకుంట దాటగానే కళ్లు మూసుకుంటుంది. చెరువు వెనకపడ్డాక, "వెళ్లిపోయిందా?" అని అడిగి తెరుస్తుంది. ఒకసారి కండక్టరు నిమ్మకాయ తెచ్చి ఇచ్చాడు పాపం, వాంతి వస్తోందనుకుని.

తిట్టలేదు, దెప్పలేదు. ఏడాదికి నాలుగు సార్లు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, నా పక్కన కళ్లు మూసుకుంది. అంతే. కట్టుకున్నవాడికి ఇంతకు మించిన శిక్ష ఉందా?

అందుకని దంపతుల రాయితీ చూడగానే రామభద్రరావుగారి ఫోనులోంచే పేర్లిచ్చేశాను.

ప్రేమమణి శుక్రవారం సాయంత్రమే ఇడ్లీపిండి రుబ్బింది. గంజిపెట్టిన నేత చీర తీసి పెట్టుకుంది. వెనక సీటు గట్టిగా ఉంటుందని పాత దుప్పటి మడిచి ఒక మెత్త కుట్టింది. "ఈసారి పంపు కూడా తీసుకెళ్దామా?" అని అడిగింది. అన్నీ వాళ్లే తెస్తారన్నాను గొప్పగా.

శనివారం తెల్లవారేసరికి పరేడ్ గ్రౌండ్ దగ్గరున్నాం. ఇరవైమంది పోగయ్యారు. అందరికీ బిగుతు చొక్కాలు, నల్లద్దాలు, లోపల దిండు కుట్టిన నిక్కర్లు. ఆ దిండు చూసి నాకు సంస్థ మీద గౌరవం పెరిగింది. దెబ్బ తగిలే చోటును ముందే ఊహించి ఏర్పాటు చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

ట్రిప్ లీడర్ నరసరాజు అనే కుర్రాడు. మెడలో విజిల్, మొహంలో చిరునవ్వు, రెండూ తీసేవి కావు. నా సైకిలు తెచ్చి నిలబెట్టి, అంటే తను పట్టుకుని నిలబడి, "నలభై వేల బైక్ సార్ ఇది!" అన్నాడు.

చుట్టూ తిరిగి చూశాను. గంట లేదు. స్టాండు లేదు. మడ్‌గార్డు లేదు. చైను మీద కవరు లేదు. తాళం లేదు. నా పాత నల్ల సైకిలుకు ఇవన్నీ ఉండబట్టే కాబోలు రెండు వందలకు వచ్చింది! ఎన్ని తీసేస్తే అంత ఖరీదన్నమాట. ఇంకా ఖరీదైనదాంట్లో చక్రాలు కూడా ఉండవేమో!

అప్పుడు వెనకవైపు చూశాను. వెనక సీటు లేదు. సీటు కాదు కదా, సీటు పెట్టుకోవడానికి క్యారియరే లేదు. దుప్పటి మెత్త చంకలో పెట్టుకుని ప్రేమమణి నిలబడి ఉంది.

"మేడమ్ బైక్ కూడా రెడీ సార్" అంటూ ఇంకొకటి తోసుకొచ్చాడు నరసరాజు.

"ఇద్దరం ఒకదాని మీదే కదా బాబూ? దంపతుల రాయితీ అన్నారుగా!"

"అంటే రెండు బైక్స్ తీసుకుంటే డిస్కౌంట్ సార్."

"దంపతులు చెరో సైకిలు మీదా వెళ్లడమేమిటి? మరి రాయితీ దేనికి, విడిపోయినందుకా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ప్రేమమణి నవ్వలేదు. "నాకు సైకిలు రాదు నాయనా. ఆయన తొక్కుతారు, నేను కూర్చుంటాను. అదీ మాకు అలవాటు" అంది.

"పిలియన్ అలౌడ్ కాదు మేడమ్. మీరు సపోర్ట్ వ్యాన్‌లో రండి. ఏసీ కూడా ఉంది!"

అలా నా భార్య అరటిపండ్ల గెలకూ, విడి చక్రాలకూ, గ్లూకోజు డబ్బాలకూ మధ్య ఏసీ వ్యానులో కూర్చుంది. ఎక్కుతూ ఆ మెత్త నా చేతికిచ్చి, "మీరే వేసుకోండి" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బయల్దేరేముందు నరసరాజు అందర్నీ గుండ్రంగా నిలబెట్టాడు. "కళ్లు మూసుకోండి. డీప్ బ్రీత్. ఈరోజు మీ జర్నీని మనసులో చూడండి" అన్నాడు. మా ఇళ్లల్లో ప్రయాణానికి ముందు నలుగురు నిలబడి కళ్లు మూసుకుంటే దాని అర్థం ఒకటే. వ్యాను తలుపులోంచి ప్రేమమణి గొంతు ఖంగున లేచింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ..."

ఎవరికీ ఆపడానికి ధైర్యం చాలలేదు. ఇరవైమందినీ కాపాడమంది. వాళ్ల మోకాళ్లను కాపాడమంది. నరసరాజు తల్లిదండ్రులను దీవించమంది. లారీలను అదుపులో పెట్టమంది. చివరికి గొంతు కొంచెం తగ్గించి, "ముఖ్యముగా టైర్లలోని గాలిని కాపాడుము తండ్రీ. అల్వాల్ దగ్గర మరీ కాపాడుము" అంది. దిండు నిక్కర్లవాళ్లంతా భక్తిగా ఆమెన్ అన్నారు. నాకు మాత్రం ఆ చల్లటి ఉదయాన ఎందుకో చెమట పట్టింది.

విజిల్ మోగింది. విహారం మొదలైంది.

ఈ టూరు వల్ల కలిగే లాభాలు చెబుతాను, వినండి. మొదటిది, పరిసరాల పరిశీలన. కార్ఖానా రోడ్డు మీద నేను ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను. అది ఎత్తు అని ఏనాడూ గమనించలేదు! రెండోది, ఆరోగ్యం. మనం తిన్నది ఎంత అరిగిందో చెప్పే గడియారం నరసరాజు చేతికి ఉంది. తిరుమలగిరి చేరేసరికి నేను ఒకటిన్నర ఇడ్లీ పోగొట్టుకున్నానని చెప్పాడు. ఇంట్లో ఆ ఇడ్లీ తినకపోతే పోయేది కదా అంటారా? అప్పుడు హాలిడే ఎలా అవుతుంది?

మూడోది, పలకరింపులు. తిరుమలగిరి చౌరస్తా దాటాక వెనక నుంచి గణగణమని గంట. పాత సైకిలుకు రెండు వైపులా ఖాళీ పాలడబ్బాలు వేలాడదీసుకుని, లుంగీ ఎగ్గట్టిన మనిషి నా పక్కకొచ్చాడు. నగరంలో పాలు పోసి ఊరికి తిరిగి వెళ్తున్నాడు.

"ఏందన్నా, రేసా?"

"కాదు, హాలిడే."

"హాలిడేనా!" అతను నన్ను పైనుంచి కిందదాకా చూశాడు. "మరి గింత పరేషాన్ ఎందుకైతున్నవ్? ఎవలన్న ఎంటపడ్డరా?"

"డబ్బు కట్టి వచ్చామయ్యా, శామీర్‌పేటకు."

"మాది శామీర్‌పేటనే. దినాం పోయి వస్త. నాకైతే ఒక్కడు సుత పైసలడగలే!" అని నవ్వి, డబ్బాలు మోగించుకుంటూ ముందుకెళ్లిపోయాడు. అతని పేరు పర్వతాలని తర్వాత తెలిసింది. ఏడు గేర్ల వాళ్లనూ, ఇరవై ఒక్క గేర్ల వాళ్లనూ ఒక్కొక్కరినే దాటిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే వ్యాను కిటికీలో ప్రేమమణి. అతని సైకిలు క్యారియర్‌కేసి చూస్తోంది.

తర్వాత అల్వాల్ వచ్చింది.

పాఠకులారా, ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. ఎనభై నాలుగులో ఆ ఎత్తు మీద నా సైకిలు పంక్చర్ కాలేదు. నాకే ఊపిరి అందలేదు. వెనక కొత్త పెళ్లాం, సంచిలో టిఫిన్ డబ్బా, పైన ఎండ. సగం ఎత్తుకే కళ్లు చీకట్లు కమ్మాయి. అలసిపోయానని ఇరవై ఆరేళ్ల మగవాడు ఎలా చెబుతాడు? చైను చూస్తానని దిగి, ఆమె అటు తిరిగినప్పుడు వాల్వు మర వదులు చేశాను. గాలి బుస్సుమంది. "అయ్యో, పంక్చర్!" అన్నాను. దారిలో పంక్చర్ షాపు కనపడితే సైకిలు పక్క సందులోకి తిప్పాను. వాడు ట్యూబు నీళ్లలో ముంచితే బుడగ రాదు కదా! ఆ ఒక్క ఎత్తు తొక్కలేనని చెప్పడానికి సిగ్గుపడి ఆరు మైళ్లు నడిచాను. ఆమెనూ నడిపించాను. కొత్త చెప్పులు కరిచి ఆమె మడమలు బొబ్బలెక్కాయి.

అదే ఎత్తు. అదే ఎండ. గేర్లు ఇరవై ఒకటి, ఊపిరి మాత్రం పాతదే. సగానికి రాగానే కళ్లు చీకట్లు కమ్మాయి. వెనకాలే వ్యాను. అందులో ఆమె. నా చేతులు నా మాట వినలేదు. దిగాను. "చైను చూస్తా" అన్నాను, ఎవరూ అడగకుండానే. వంగి వాల్వు పట్టుకున్నాను.

ఆ వాల్వు సూదిలా సన్నగా ఉంది. ఎటు తిప్పినా తిరగదు, నొక్కినా కదలదు. పాపం చెయ్యడానికి కూడా ఈ కాలంలో ట్రైనింగ్ కావాలి!

వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడు. నా పక్కన గంజిపెట్టిన చీర అంచు.

"ఏవండీ, రావడం లేదా? నేను తియ్యనా గాలి?"

తల ఎత్తలేకపోయాను. "నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే తెలిసింది. ఆదివారం పొద్దున్నే పంపు కొట్టి దాని మీదే నన్ను ఆరాధనకు తీసుకెళ్లలేదూ? అతుకు వెయ్యని ట్యూబులో గాలి ఎలా నిలిచింది? అదంతా ప్రభువు మహిమ అనుకుంటాననుకున్నారా?"

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారనుకున్నా" అంది ప్రేమమణి. "ఒక్క మాట కదండీ. ఆయాసం వచ్చింది, కాసేపు ఆగుదాం అంటే చెట్టుకింద కూర్చుని ఇడ్లీలు తిని వెళ్లేవాళ్లం. నేను కోపం పెట్టుకున్నది చెరువు చూపించనందుకు అనుకున్నారా ఇన్నేళ్లూ?"

అవును, అలాగే అనుకున్నాను. నరసరాజు పరిగెత్తుకొచ్చి, "సార్, టెక్నికల్ ప్రాబ్లమా?" అన్నాడు.

"కాదు బాబూ" అన్నాను. "అలసిపోయాను."

ఆ మాట ఇంత తేలికగా బయటికొస్తుందని నాకు తెలియదు. చెప్పగానే మోకాళ్ల నొప్పి సగం తగ్గింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. ఆమె గ్లూకోజు నీళ్లు కలిపి తెచ్చింది. లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి. చాలా హాయిగా ఉంది. విశ్రాంతి గురించి అయ్యగారిని అడగాల్సిన అవసరం ఇక లేదనిపించింది.

వ్యానెక్కాను. నా పేరు పక్కన నరసరాజు ఏదో గుర్తు వేసుకున్నాడు. చివరిదాకా తొక్కనివారికి సర్టిఫికెట్ ఉండదట. పోనివ్వండి. బొల్లారం దాటాం, హకీంపేట దాటాం. ఏసీ చల్లగా ఉంది, ఆమె నాకు అరటిపండు వలిచి ఇచ్చింది. తూంకుంట రాగానే పక్కకు చూశాను.

ప్రేమమణి కళ్లు మూసుకుంది.

"అదేమిటి? ఇప్పుడే కదా అన్నీ మాట్లాడుకున్నాం!"

"మాట్లాడుకుంటే? ఇది వ్యాను. లెక్కలోకి రాదు."

చెరువు మలుపుకు కొంచెం ఇవతల టీ కొట్టు ఉంది. దాని ముందు రెండు పాలడబ్బాల సైకిలు, స్టాండు వేసి ఠీవిగా నిలబడి ఉంది. "ఆపు నాయనా!" అని అరిచాను. డ్రైవరు ఆపాడు. వెనకే నరసరాజు, సైకిళ్లవాళ్లూ వచ్చి ఆగారు.

పర్వతాలు టీ తాగుతున్నాడు. విషయమంతా చెప్పాను. వాల్వు సంగతి కూడా దాచలేదు. అతను టీ గ్లాసు పక్కన పెట్టి పగలబడి నవ్వాడు.

"గాలి తీసినవా? నువ్వే తీసినవా! అన్నా, నువ్వు మామూలోనివి కాదు!" తర్వాత వ్యానులో కళ్లు మూసుకుని కూర్చున్న ప్రేమమణిని చూసి నవ్వు ఆపాడు. "అమ్మ గిట్ల కండ్లు మూస్కొనే ఉన్నదా, ఇరవై ఎనిమిదేండ్లు? తీస్కపో అన్నా, తీస్కపో. డబ్బాలు దించుత. గాలి మంచిగనే ఉంది. జెర పైలం, నువ్వు ముట్టకు!"

డబ్బాలు దించాడు. ఈలోగా నా నలభై వేల సైకిలును వ్యాను మీంచి దింపించి చుట్టూ తిరిగాడు. "డబ్బాలు ఏడ తగిలియ్యాలె దీనికి?"

"తగిలించడానికి లేదు" అన్నాడు నరసరాజు.

"పెండ్లాం ఏడ కూసోవాలె?"

"కూర్చోవడానికి లేదు."

"స్టాండ్ సుత లేదు. మరి ఎట్ల నిలబెడ్తరు?"

"గోడకి ఆనిస్తాం."

"గోడ లేకుంటే?"

నరసరాజు మొహంలోంచి మొదటిసారి చిరునవ్వు పోయింది. నా వైపు తిరిగి, "సార్, ప్లీజ్, పిలియన్ ఎక్కించుకుంటే ఇన్సూరెన్స్ కవర్ కాదు సార్. మా కంపెనీకి ప్రాబ్లం" అన్నాడు.

"మీ సైకిలు కాదు కదా బాబూ. మీ మనిషిని కూడా కాను ఇప్పుడు. గుర్తు వేసేశావుగా!"

దుప్పటి మెత్త క్యారియర్ మీద పరిచాను. చెయ్యి పట్టుకుని దింపితే ఆమె కళ్లు తెరవకుండానే తడుముకుని, పక్కకు తిరిగి కూర్చుంది. ఒక చేత్తో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుంది, రెండో చెయ్యి నా సీటు కింద స్ప్రింగును పట్టుకుంది. ఆ చెయ్యి అక్కడ పెట్టి ఎన్నేళ్లయిందో! తొక్కాను. పాల వాసన, చైను కిర్రుమనడం. దారి కాస్త పల్లం, ఎవరికీ చెప్పకండి.

పాఠకులారా, సైకిల్ హాలిడే గొప్పదన్న మాట నేను వెనక్కి తీసుకోను. తప్పకుండా వెళ్లండి. కానీ తొక్కుతూ తొక్కుతూ నాకొక చిన్న అనుమానం వచ్చింది. నేను ఏడేళ్లు ఆఫీసుకు సైకిలు మీద వెళ్లాను. కార్లకు అడ్డమని దాన్ని భవనం వెనక, చెత్తకుండీ పక్కన పెట్టించేవారు. అప్పుడు ఆ సైకిలు మీద నేనూ, నా భార్యా, మా ఇద్దరమ్మాయిలూ, వారానికి సరిపడా కూరలూ పట్టేవాళ్లం. దాన్ని లేమి అన్నారు. నేనూ అదే అనుకున్నాను, సిగ్గుపడి అమ్మేశాను. ఇప్పుడు సైకిలు మీద ఒక్కడే పడుతున్నాడు. ఉప్మాడబ్బా కూడా పట్టదు. దీన్ని విహారం అంటున్నారు, సర్టిఫికెట్ ఇస్తున్నారు! ఇంత తెలివైనవాళ్లు ఇరవై ఒక్క గేర్లు కనిపెట్టి, ఇంకో మనిషికి చోటెందుకు మర్చిపోయారు?

కట్ట మీదికి చేరాం. స్టాండు వేశాను. నిలబడింది.

"కళ్లు తెరువు మణీ."

తెరిచింది. చాలాసేపు చూసింది. సగం చెరువు ఎండి ఉంది. అంచున గేదెలు నిలబడి ఉన్నాయి.

"సముద్రంలా ఉంటుందన్నారు?"

"ఎనభై నాలుగులో నిండుగా ఉండేదట" అన్నాను నోరు జారి.

"అప్పుడే వస్తే చూసేవాళ్లం" అంది. అని నవ్వింది. టిఫిన్ డబ్బా విప్పి, పర్వతాలుకు నాలుగు ఇడ్లీలు మూతలోకి వేరుగా తీసి పెట్టి, మిగతావి మా ఇద్దరి మధ్య పెట్టింది. కారప్పొడి కలుపుతూ, తల ఎత్తకుండా అంది:

"వచ్చే నెల అక్క దగ్గరికి వెళ్లాలి కదా. బస్సులో కిటికీ సీటు నాదే."